ఆఖరి బోర్డు ముందే వచ్చింది

మంగ్లా,
నవంబరు 4.

తార్‌బహార్ ఆదివారపు సైకిల్ మండలి కార్యదర్శి త్రినాథరావు గారికి,

కనకమహాలక్ష్మి నమస్కరించి రాస్తున్నది. మీరు నన్ను ఎరగరు గాని మీ మండలిని నేను ఎరుగుదును. ప్రతి ఆదివారం పొద్దున్నే ఏడుగురు పెద్దమనుషులు రైలుపెట్టెల్లా ఒకరి వెనక ఒకరు సైకిళ్ల మీద పోతుంటే మా డాబా మీంచి చూస్తూంటాను.

నేను ముప్పై ఏళ్లు ఇక్కడి బిలాస్‌పూర్ స్టేషన్లో ఎంక్వయిరీ కిటికీ దగ్గర పనిచేశాను. ఏ బండి ఎప్పుడు బయల్దేరుతుందో లక్షలమందికి చెప్పాను. నేను మాత్రం ఎక్కడికీ బయల్దేరలేదు. రిటైరయ్యాక ఒక్కటే నిశ్చయించుకున్నాను. పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న రతన్‌పూర్‌కి నా కాళ్లతో నేనే సైకిలు తొక్కుకుంటూ వెళ్లాలి. చిన్నప్పుడు తొక్కినదాన్నే. కోడలు భవిత వదిలేసిన పాత సైకిలు పక్కింట్లో దాచుకుని మళ్లీ అలవాటు చేసుకుంటున్నాను. నన్ను మీ మండలిలో చేర్చుకోండి.

ఈ సంగతి మా అబ్బాయి మనీష్‌కి తెలియకూడదు. ఓసారి మాట వరసకి అంటే, "ఈ ఉమర్‌లో సైకిలేటమ్మా, రహ్నే దో" అని కొట్టిపారేశాడు. నా ఫోను వాడు చూస్తాడు. మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలుగు చదవడం రాదు. అందుకే ఈ ఉత్తరం. మీరూ తెలుగులోనే రాయండి.

ఇట్లు,
కనకమహాలక్ష్మి

తా.క. పొద్దున్నే ఎక్కడికంటే భజనకని చెప్తున్నాను. కవరు మీద భజన మండలి అని హిందీలో రాస్తే మేలు.

తార్‌బహార్,
నవంబరు 8.

శ్రీమతి కనకమహాలక్ష్మి గారికి,

త్రినాథరావు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీరూ మీ సైకిలూ క్షేమమని తలుస్తాను.

మా మండలిలో ఎనిమిదిమందిమి, అందరం రైల్వేలో చేసి దిగినవాళ్లమే. నేను ముప్పై నాలుగేళ్లు గార్డుని. అంచేత మా సైకిళ్లు రైలు పద్ధతిలో నడుస్తాయి. ముందు లోకో పైలట్‌గా చేసిన సీతారామయ్య గారు ఉంటారు. ఆయన్ని ఎవరూ దాటరాదు. ఆఖరి సైకిలు వెనక ఎల్.వి., అంటే లాస్ట్ వెహికల్, అని రాసిన పసుపు బోర్డు వేలాడుతుంది. రైలు ఆఖరి పెట్టెకి ఉంటుందే, అదే. అది దాటిందంటే బండి మొత్తం వచ్చేసినట్టు. నేను పచ్చజెండా ఊపి, ఆ బోర్డుకి కూడా బాగా వెనక, అందరినీ గమనిస్తూ వస్తాను.

ఇరవై నాలుగో తేదీన, రతన్‌పూర్ దారిలోనే ఉన్న కోనీ దాకా మీకు పరీక్ష. అది నెగ్గితే రతన్‌పూర్. ఈలోగా నా సలహాలు పాటించండి. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి. మలుపులో ఒళ్లు వంచకుండా నిటారుగా ఉండి హ్యాండిల్ మాత్రం తిప్పాలి. ఆగాలంటే ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టాలి, రైలుకి ఇంజను ముందే కదా ఉండేది.

భవదీయుడు,
త్రినాథరావు

తా.క. కొత్తవారు గనక ఎల్.వి. బోర్డు మీకే ఇస్తాం.

మంగ్లా,
నవంబరు 13.

త్రినాథరావు గారికి నమస్కారాలతో,

మీ సలహాలు మూడూ పాటించాను. సీటు దించితే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. మలుపులో నిటారుగా కూర్చుంటే సైకిలు నేరుగా కూరల బండి మీదికి పోయింది. ముందు బ్రేకు గట్టిగా పట్టాను. సైకిలు ఆగింది, నేను ఆగలేదు. మోచెయ్యి చెక్కుకుపోయింది. మనీష్ అడిగితే తాళాలు వాయిస్తూ పడ్డానని చెప్పాను.

ఇప్పుడు సీటు ఎత్తాను, రెండు బ్రేకులూ కలిపి పడుతున్నాను, మలుపులో ఒళ్లు దానంతటదే వంగుతోంది. కోపగించుకోకండి గాని, ఈ సలహాలు తొక్కినవాళ్లెవరైనా ఇచ్చినవేనా?

బోర్డు నాకే ఇస్తామన్నందుకు సంతోషం. మండలి పరువు నా వెనక వేలాడుతుందన్నమాట. పరీక్షకి తప్పకుండా వస్తాను. వాన పడినా వస్తాను.

ఇట్లు,
కనకమహాలక్ష్మి

తా.క. ఎనిమిదిమంది అన్నారు. మొన్న ఆదివారమూ లెక్కపెట్టాను. ఏడుగురే.

తా.క. భజన మండలి కవరని మా కోడలు మీ బ్రేకుల ఉత్తరాన్ని దేవుడి గూట్లో పెట్టి కుంకుమ బొట్టు పెట్టింది.

తార్‌బహార్,
నవంబరు 18.

కనకమహాలక్ష్మి గారికి,

ఎనిమిదో మనిషిని నేనే. మరీ వెనక వస్తాను గనక మీ డాబాకి కనబడను.

సలహాలని పరిహసించడం కొత్త సభ్యులకి తగదు. తొమ్మిదేళ్లుగా కార్యదర్శిని నేను, ఒక్కరు కూడా ఫిర్యాదు చెయ్యలేదు. బోర్డు అలంకారం కాదు. అది కట్టుకున్నవారు ఆఖరునే ఉండాలి. కోనీలో రిటైర్డ్ పాయింట్స్‌మన్ ఎర్రయ్య కొట్టు దగ్గర పోహా, టీ ఉంటాయి.

భవదీయుడు,
త్రినాథరావు

తా.క. మోచేతికి పసుపు రాయండి. నిజంగానే బాధపడ్డాను.

తార్‌బహార్,
నవంబరు 25.

శ్రీమతి కనకమహాలక్ష్మి గారికి,

నిన్నటి ఘనకార్యానికి సంజాయిషీ కోరుతున్నాను.

అర్పా నది వంతెన మీద మీరు ఆరుగురినీ దాటి, సీతారామయ్య గారిని కూడా దాటిపోయారు. ఆయన కళ్ల ముందు ఎల్.వి. బోర్డు కనబడింది. ముందు ఎల్.వి. ఉందంటే అదే లైన్లో ఇంకో బండి ఉన్నట్టు. ముప్పై ఆరేళ్లు ఇంజను నడిపిన మనిషి, అక్కడికక్కడే ఆగిపోయారు. వెనక ఆరుగురూ ఆగారు. ముందుకు పోవచ్చని లైన్ క్లియర్ ఇచ్చేవారు లేక ముప్పావుగంట వంతెన మీద నిలబడ్డారు.

అటు ఎర్రయ్య మీ బోర్డు చూశాడు. బండి మొత్తం వచ్చేసిందని స్టవ్వు ఆర్పి, కొట్టు కట్టేసి ఇంటికి పోయాడు. నేను ఇంటికెళ్లి అడిగితే, "ఆకరి బోర్డు ఎల్పోనాది గదండీ, ఇంకేటొస్తాదనుకుంటాను?" అన్నాడు. అతని తప్పేమీ లేదు. ఏడుగురు ఖాళీ కడుపులతో తిరిగొచ్చారు. మీ జాడ మాత్రం లేదు.

ఏడు రోజుల్లో జవాబు రాకపోతే మీ పేరు కొట్టేస్తాం. రతన్‌పూర్ మాట మరిచిపోండి.

కార్యదర్శి,
త్రినాథరావు

తా.క. క్షేమంగా ఇల్లు చేరారా? అది ముందు రాయండి.

మంగ్లా,
నవంబరు 28.

త్రినాథరావు గారికి,

క్షేమంగా చేరాను. సంజాయిషీ ఇదిగో.

మీవాళ్ల నడకలో సైకిలు నిలబడదండీ. అంత నెమ్మదిగా తొక్కితే పక్కకి ఒరిగిపోతుంది. పడకుండా ఉండాలంటే దాటక తప్పలేదు. సైకిలెక్కిన ఎవరిని అడిగినా చెప్తారు.

కోనీలో ఎర్రయ్య పోహా పెట్టాడు. తిని, చేతులు కడుక్కుందామని కొట్టు వెనక్కి వెళ్లాను. అక్కడ గోడకి ఆనించి సైకిలుంది. చెయిను కవరు మీద త్రినాథరావు, గార్డు అని రాసుంది. తార్‌బహార్‌లో మా వెనక జెండా ఊపిన మనిషి సైకిలు నాకన్నా ముందే కోనీ చేరిందంటే, నేనింకా ఎంత నేర్చుకోవాలో అనిపించింది. ఆ పంతంతో ఆగలేదు. రతన్‌పూర్ దాకా తొక్కేశాను.

అక్కడ బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ ఉంది. బిలాస్‌పూర్ బస్సు ఎన్నింటికని అడిగాను. ముప్పై ఏళ్లు లోపల కూర్చున్నదాన్ని, మొదటిసారి బయట నిలబడి అడిగాను. కళ్లమ్మట నీళ్లొచ్చాయి. బస్సు ఎక్కలేదు, సైకిలు మీదే తిరిగొచ్చాను.

అయినా ఒంటరిగా వెళ్లింది నాకు సరిపోలేదు. మండలితో కలిసి వెళ్లాలి. పేరు కొట్టెయ్యకండి. ఒక్క సందేహం మాత్రం తీర్చండి. మీవాళ్లు ముప్పావుగంట వంతెన మీద నిలబడ్డారు కదా, వెనకే వస్తున్న మీరు వాళ్లని ఎందుకు చేరుకోలేదు?

ఇట్లు,
కనకమహాలక్ష్మి

తా.క. మనీష్ నా మొహం చూసి, "భజనలో ఇంత ఎండేటమ్మా" అన్నాడు.

తా.క. మీ సైకిలు వెనక చక్రంలో పెద్ద సాలెగూడుంది. గూడు చెదరకుండా అంత వేగంగా తొక్కడం ఎలాగో నాకూ నేర్పండి.

తార్‌బహార్,
డిసెంబరు 2.

కనకమహాలక్ష్మి గారికి,

త్రినాథరావు నమస్కారాలు. ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను.

నాకు సైకిలు తొక్కడం రాదు. ఉద్యోగమంతా ఆఖరి పెట్టెలో కూర్చుని జెండా ఊపినవాణ్ణి. నేను రిటైరైన రోజున మిత్రులు ఆ సైకిలు బహుమతిగా ఇచ్చి, మండలి పెట్టి, అక్కడే నన్ను కార్యదర్శిని చేశారు. అంతమంది చప్పట్లు కొడుతుంటే రాదని చెప్పడానికి నోరు రాలేదు. తొమ్మిదేళ్లయింది. వాళ్లు మలుపు తిరగగానే సైకిలుతో సహా ఆటో ఎక్కుతాను. వేరే దారిన కోనీ చేరి, వాళ్లు తింటుండగా సైకిలు నడిపించుకుంటూ కొట్టు ముందుకొస్తాను. తిరుగు ప్రయాణంలో నాకు ప్రతివారం పంక్చరే. ఎర్రయ్యకి తెలుసు, చెప్పడు. లైన్ క్లియర్ ఇవ్వాల్సినవాణ్ణి నేనే, వంతెన దగ్గర లేనిదీ నేనే. ఆ సిగ్గుతోనే మిమ్మల్ని సంజాయిషీ అడిగాను.

మీ పేరు కొట్టలేదు, కొట్టను. మీరు అందరికీ చెప్పినా కాదనను. చెప్పే ముందు మాత్రం నాకు సైకిలు నేర్పండి. బుధవారం పొద్దున్న ఆరింటికి రైల్వే గ్రౌండుకి వస్తాను. ఎన్నిసార్లు పడినా సరే, జనవరిలో రతన్‌పూర్‌కి ఆ బోర్డు నా సైకిలుకే కట్టుకుంటాను. ఈసారి నిజంగానే అందరి వెనకా వస్తాను. ముందు మీరు వెళ్లండి, సీతారామయ్య గారికి నేను నచ్చజెప్పుకుంటాను.

మీ శిష్యుడు,
త్రినాథరావు

తా.క. సీటు ఎత్తు ఎంత ఉండాలో రాయండి. తెలుగులోనే రాయండి, మా ఇంట్లోనూ ఎవరికీ చదవడం రాదు. కవరు మీద భజన మండలి అని ఉంటే మేలు.