ఎనిమిది సెకన్ల క్లిప్

మార్చి 4, మంగళవారం

వాట్సాప్ గ్రూపులో ఇవాళ్టి ప్రశ్నకు నాకు జవాబు రాలేదు. ఒక రాక్ బ్యాండ్ మూడో ఆల్బమ్‌కి డ్రమ్మర్ ఎందుకు మారాడని. టైపు మాస్టారు రెండు నిమిషాల్లో చెప్పేశారు. పాత డ్రమ్మర్‌కి చెయ్యి విరిగిందట. ఏ చెయ్యో కూడా రాశారు.

ముప్పై ఒక్క మందిమి ఉన్నాం. అందరికీ రాక్, పాప్ పిచ్చి. జవాబు చెప్పినవాళ్లే తర్వాతి ప్రశ్న అడగాలి. జవాబు బుర్రలోంచి రావాలి, ఫోన్లోంచి కాదు. వెతికి చెప్పినట్టు తేలితే తీసేస్తాం. అది మూడో రూలు. పెట్టింది మాస్టారే. వెనక టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. అక్కడ నాకు టైపు అబ్బలేదుగానీ ఆయన బీరువాలో క్యాసెట్లు మాత్రం ఒక్కటీ వదల్లేదు. గ్రూపుకి ఆయన అడ్మిన్, తర్వాత నేను.

పోయిన ఆగస్టులో నర్సును ఈ రూలు కిందే తీసేశాం. మాస్టారు అడిగితే ఆవిడ దాచలేదు. డ్యూటీలో పది నిమిషాలు తీరిక దొరికితే వెతికానని, తప్పయితే క్షమించమని రాసింది. మాస్టారు ఓటింగ్ పెట్టారు. నేనూ తీసెయ్యమనే వేశాను.

మార్చి 6, గురువారం. మధ్యాహ్నం

రిపేరుకొచ్చిన ఐదు హెచ్‌పీ బోరు మోటారు విప్పాను. రాగితీగ అంతా మాడి బొగ్గయింది. నీళ్లు లేకుండా తిప్పారు. అడిగితే లేదంటారు.

లైన్‌మన్ షాపుకొచ్చాడు. తనూ గ్రూపులో వాడే. క్లిప్ ప్రశ్నలకు ఎవరో యాప్ వాడుతున్నారన్నాడు. నాకూ అదే అనుమానం. పాటలో ఒక ముక్క పెట్టి ఇదేమిటో చెప్పమనడం ఆర్నెల్ల కిందట నేనే మొదలుపెట్టాను. ఫోన్‌కి వినిపిస్తే పాట పేరు చెప్పే యాప్ ఉందని అప్పుడు తట్టలేదు. ఇద్దరి అనుమానమూ గ్రూపులోని బేకరీవాడి మీదే. వాడికి అంత పాండిత్యం లేదు.

వల వేస్తానన్నాను.

మార్చి 8, శనివారం

వల దొరికింది. ఒక బ్యాండ్ పాత పాట. పాడింది మగవాడు. రెండోసారి రికార్డు వేసినప్పుడు అతని గొంతు పోతే, అదే వాయిద్యాల మీద కీబోర్డు వాయించే అమ్మాయి పాడింది. ఆ రెండోది చాలా తక్కువమంది దగ్గర ఉంది. యాప్ దించుకుని వినిపించాను. అది వాయిద్యాలను పట్టుకుని మగవాడి పేరు చెప్పింది. చెవులున్నవాడెవడూ ఆ పేరు చెప్పడు. చెప్పాడంటే యాప్ చెప్పినట్టే.

మార్చి 9, ఆదివారం. ఉదయం పది

పెట్టాను. ఎనిమిది సెకన్లు. పాడింది ఎవరు?

అదే రోజు, పదకొండు

మగవాడి పేరు వచ్చింది. పెట్టింది మాస్టారు.

 తర్వాత బేకరీవాడు, మాస్టారూ, ఆయన మీసాలు తీసేసి ఓణీ ఎప్పుడు వేసుకున్నాడండీ అని రాశాడు. నవ్వు బొమ్మలు ఇరవై దాకా వచ్చాయి. పొరపాటు, వయసైపోయిందని మాస్టారు జవాబిచ్చారు. బేకరీవాడు అమ్మాయి పేరు చెప్పాడు. కరెక్టే.

లైన్‌మన్ నాకు విడిగా రాశాడు. పడింది పెద్ద చేపేనన్నాడు. ఆగస్టులో నర్సుకో న్యాయం, ఇప్పుడు మాస్టారికో న్యాయమా అన్నాడు. బుధవారం లోపల గ్రూపులో నేను చెప్పకపోతే తానే చెబుతాడట.

మార్చి 10, సోమవారం

మాస్టారింటికి వెళ్లాను. రెండేళ్లయింది వెళ్లి. మూడు వీధుల దూరం. రోజూ ఫోన్లో కనిపిస్తున్నారు కదా అని.

బెల్లు నొక్కితే ఆయన కూతురు తీసింది. ముందుగదిలో రేడియో గట్టిగా మోగుతోంది. పాట కాదు, స్టేషన్ తప్పిపోయి వచ్చే బరబర. మాస్టారు పక్కనే కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. కూతురు వెళ్లి కట్టేసింది. ఆయన తలెత్తలేదు.

ఆయనకు చెవులు ఏడాదిగా వినిపించడం లేదట, కూతురు చెప్పింది. చెవికి పెట్టుకునే మిషన్ కొనిపెట్టారు. దాంతో మాటలు తెలుస్తాయిగానీ పాట పెడితే రేకు గీకినట్టు ఉంటుందట. తీసి సొరుగులో పడేశారు. రేడియో మాత్రం పొద్దున్నే పెట్టాల్సిందే అంటారట.

కూతురు కాఫీకి లోపలికి వెళ్లింది. నేను కాగితం మీద రాశాను: క్లిప్పులకు యాప్ వాడుతున్నారా?

చదివి కళ్లజోడు తీశారు.

"క్లిప్పులు మొదలెట్టింది నువ్వేగా" అన్నారు.

వినపడటం లేదని గ్రూపులో ఒక్క మాట రాస్తే సరిపోయేది కదా అని రాశాను.

"తెలీదు అనడం నాకు అలవాటు లేదురా."

 కాఫీ తాగి వచ్చేశాను.

మార్చి 11, మంగళవారం

ఒక కాయిల్‌కి ఇరవై ఆరు చుట్లు ఎక్కువ చుట్టాను. విప్పాను.

మార్చి 12, బుధవారం. ఉదయం

లైన్‌మన్ నోరు తెరవకముందే మాస్టారు గ్రూపులో రాశారు. ఏడాదిగా చెవులు వినపడవు. క్లిప్ ప్రశ్నల్లో పదకొండింటికి యాప్ చూసి చెప్పాను. మూడో రూలు ప్రకారం చెయ్యవలసింది చెయ్యండి. అంతే. ఒక్క అక్షరం తప్పు లేదు.

బేకరీవాడు మీసాల జోకు చెరిపేశాడు. పాపం మాస్టారు, వదిలెయ్యండని పదిమంది రాశారు. లైన్‌మన్ కూడా రాశాడు. మాస్టారు మాత్రం ఓటింగ్ అక్కర్లేదన్నారు. నన్ను పేరు పెట్టి పిలిచి, తీసేసే బటన్ నొక్కమన్నారు.

సాయంత్రం

నర్సుకు ఫోన్ చేశాను. ఏడు నెలల్లో మొదటిసారి. జరిగింది మొత్తం చెప్పాను. విన్నది. మందుల ట్రాలీ చక్రాల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"ఆయన సంగతి సరే అన్నయ్యా. అప్పుడు మీరేం వేశారు?"

తీసెయ్యమనే వేశానన్నాను.

ఇప్పుడు నన్నేం చెయ్యమంటారని అడిగింది. గ్రూపు చూసుకోమన్నాను. ఎవరికో సెలైను మార్చాలని పెట్టేసింది. రెండు గంటల తర్వాత సరేనని మెసేజ్ వచ్చింది.

ఆవిడను గ్రూపులోకి తెచ్చాను. అడ్మిన్ చేశాను. యాప్ నా ఫోన్లోనూ ఉందని, వల వెయ్యడానికైనా వాడింది వాడిందేనని గ్రూపులో రాశాను. మాస్టారి పేరు నొక్కి తీసేశాను. తర్వాత నేనూ బయటికొచ్చాను.

మార్చి 15, శనివారం

మూడు రోజులుగా ఫోన్ మోగడం లేదు. పని బాగా సాగింది. రెండు మోటార్లకు వార్నిష్ పట్టించి ఆరబెట్టాను.

మార్చి 16, ఆదివారం. ఉదయం ఏడు

నర్సు దగ్గర్నుంచి మెసేజ్. గ్రూపులోకి మళ్లీ రావాలంటే ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలట. మాస్టారికీ అదే పంపిందట. మీరు నన్ను తీసేసిన రోజు, డ్యూటీ దిగి ఇంటికి నడుస్తూ నేను విన్న పాట ఏది?

చాలాసేపు ఆలోచించాను. తెలియదు అని రాశాను.

ఎనిమిదిన్నర

ఏ పాటా వినలేదు అని రాశారట మాస్టారు.

కరెక్టట. ఆయన్ని చేర్చుకుంది. నన్ను ఇంకా చేర్చుకోలేదు.