కాకి ముట్టని ముద్ద

పెంటిక్టన్, మే నెల

బాబాయ్‌కి,

నాన్న తద్దినం ముద్ద కాకి ముట్టిందా అని ఫోన్‌లో అడిగితే మాట దాటేశాను. ముట్టలేదు.

మా అపార్ట్‌మెంట్‌లో పక్షులకు తిండి పెట్టనివ్వరు. అందుకని ముద్దను టిఫిన్ బాక్సులో పెట్టుకుని, స్నేహితులతో ఆదివారాలు క్లైంబింగ్‌కి వెళ్లే కొండ దగ్గరికి వెళ్లాను. ఇక్కడంతా ఎడారిలా ఉంటుంది కానీ ఆ బండల మీద కాకులకు కొదవలేదు. తీరా చూస్తే దారికి అడ్డంగా తాడు కట్టారు. పైన డేగ గూడు పెట్టిందట. పిల్లలు ఎగిరేదాకా, అంటే జూలై దాకా, ఎవరూ ఎక్కకూడదు.

"తాడుకి ఇవతలే పెడతాను" అని బతిమాలాను. అక్కడ కాపలా ఉన్న పెద్దావిడ నేను చెప్పిందంతా ఓపిగ్గా వింది. "అన్నానికి కాకులు దిగుతాయి. అది అయిపోయాక డేగ పిల్లల మీద పడతాయి" అంది.

ముద్ద వెనక్కి తెచ్చి ఫ్రీజర్‌లో పెట్టాను. తప్పో ఒప్పో తెలియదు.

జూలైలో పెడితే చెల్లుతుందా? పంతులుగారిని అడుగు. తిథి దాటితే నాన్న ఆకలితో వెళ్లిపోతాడంటావు నువ్వు. కానీ వరండా ఫ్యాన్ మీద పిచ్చుక గూడు కట్టిందని, ఎండాకాలమంతా ఫ్యాన్ వేయనివ్వకుండా విసనకర్రతో కూర్చున్న మనిషి నాన్న.

ఆగుతాడు బాబాయ్.

నీ అన్న కొడుకు