అవ్వ అద్దాలు, కుట్టుపిట్ట

12 జూలై 1964, దేవరకొండ

బి.ఎస్సీ. పాసై ఇంట్లో కూర్చున్నాను. అప్లికేషన్లు పెట్టడం, పోస్టుమన్ కోసం ఎదురుచూడడం. ఇవాళ మాత్రం పొద్దు తెలియలేదు.

పెరట్లో సీతాఫలం కొమ్మకు కుట్టుపిట్ట గూడు. రెండు ఆకులను దగ్గరికి లాగి, అంచుల్లో ముక్కుతో బెజ్జాలు పెట్టి, మా మగ్గం నూలుతోనే కుట్టేసింది. బొటనవేలంత పిట్ట. సూది లేదు, చేతులు లేవు. లోపల పిల్లలు.

నాయినకు చూపిస్తే గూడు చూడలేదు, కొమ్మ చూశాడు. పడుగు చాపితే గిది అడ్డమొస్తది బిడ్డా, కొట్టేస్త అన్నాడు. పెరడు పొడుగునా చాపి గంజి పెట్టిన నిలువు పోగులకు పుల్ల తగిలితే తెగుతాయి. నిజమే.

కొమ్మ పోయేలోపు ఫోటో అయినా తీయాలి. నందికొండ డ్యాంలో పనిచేసే మామ ఇచ్చిన పాత డబ్బా కెమెరా ఉంది.

13 జూలై

ఫిల్మ్ రోల్ అంతా పిట్టకే.

18 జూలై

చిన్నాయిన నల్గొండ నుంచి కొత్త రోలు, ప్రింట్లు తెచ్చాడు. అన్నిట్లోనూ చెట్టే. పిట్ట ఈగంత. గీ చెట్టు మీద ఏమన్న కేసు నడుస్తుందా అని అడిగాడట స్టూడియో ఆయన.

అదే రోజు, మధ్యాహ్నం

డబ్బా కెమెరాకు దగ్గరి చూపు లేదు. అవ్వకూ లేదు. కానీ అవ్వకు కళ్లద్దాలున్నాయి!

తెగిన పోగులు అతకాలంటే ఆమెకు అవే దిక్కు. ఆండాళూ, పిట్టను జూసెటందుకు నా కండ్లు గావాల్నానే అని తిట్టింది. తిడుతూనే ఇచ్చింది.

19 జూలై

దగ్గరికి పోతే ఎగిరిపోతోంది. పోయినసారి పడుగు చాపినప్పుడు మాత్రం మా తలల మీదుగానే దారం ఎత్తుకుపోయింది. దానికి మనుషులంటే భయం, గంజి రాసే కుంచె పట్టి వంగిన వాళ్లంటే కాదు.

20 జూలై

చీకటుండగానే పడుగు చాపారు. ఈ ఒక్కసారికి కొమ్మ కింద వంగి పోదాం, వచ్చే పడుగుకు కొట్టేస్త అన్నాడు నాయిన. అందరి చేతుల్లో కుంచెలు, నా చేతుల్లో కెమెరా, దాని ముందు నూలుతో కట్టిన అవ్వ అద్దం. వాళ్లలాగే నడుం వంచి నడిచాను. పిట్ట నన్ను లెక్కే చేయలేదు. మూరెడు దూరంలో పిల్లల నోట్లో పురుగు పెడుతోంది. వెలుతురేది? ఎండ ఇంకా పక్కింటి గోడ దిగలేదు. ఎండొస్తే ఫోటో వస్తుంది, కానీ గంజి ఆరి పోగులు అతుక్కుంటాయి. పడుగు తీసేయాల్సిన వేళ. నాయిన నన్ను చూశాడు. గోడను చూశాడు. ఇంకొక్కసారి కుంచె తియ్యుండ్రి అన్నాడు. అందరూ మళ్లీ మొదటికి నడిచారు.

ఎండ ఆకు మీద పడింది. క్లిక్.

సాయంత్రం

పోగులు చాలా తెగాయి. అవ్వ వేళ్లతో తడుముతూనే అతుకుతోంది. అద్దాలు తిరిగి ఇవ్వబోతే, ఆ పిట్టకున్నయా అద్దాలు అంది.

26 జూలై

పిల్లలు ఎగిరిపోయాయి. గూడు ఖాళీ.

29 జూలై

ఫోటో వచ్చింది. పిట్ట తల కదిలి మసకైంది. కానీ ఆ కుట్లు! ఒక్కో బెజ్జం, బెజ్జంలోంచి వచ్చిన దారం, ముడి లేకుండా కొసన పింజలా విచ్చుకున్న నూలు. నాయిన మగ్గం గుంటలోంచి లేచొచ్చి, చేతులు పంచెకు తుడుచుకుని పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. పడుగు కట్టే గుంజ జర పక్కకు పాతుకుందాం, కొమ్మ ఉండనీ, పిట్ట మల్లొస్తది అన్నాడు.

30 జూలై

అవ్వ అద్దాలు పెట్టుకుని, ఫోటోలోని దారం కొసను గోటితో అందుకోబోతోంది. ముడి వేద్దామని.