అత్తమ్మకు మిగిలిన మాట

దర్శి,
ఫిబ్రవరి, 1984

ఏమండీ, మీకు నా వందనాలు. నా రాతలో తప్పులుంటాయి, అక్షరాలు వంకరగా ఉంటాయి. నేను చదివింది నాలుగో తరగతే కదా, నవ్వకండి. దేవుని దయవల్ల ఇక్కడ మేం క్షేమం. మిలిట్రీలో మీరూ బాగున్నారని తలుస్తాను.

మిరపకోతకి వెళ్తున్నావా అని అడిగారు. మానేశాను. ఎంత కడిగినా చేతులకి ఆ మంట వదలదు. ఓరోజు అలాగే అత్తమ్మ ఒళ్లు తుడిస్తే పాపం గిలగిల్లాడిపోయింది. చర్చికీ వెళ్లడం కుదరడం లేదు. మైకులో పాట వినపడితే మంచం పక్కనే కూర్చుని పాడుకుంటున్నాను.

అమ్మకి మాట వచ్చిందా అని అడిగారు. పక్షవాతంతో పోయిన మాటల్లో ఒక్కటే తిరిగొచ్చింది, 'పో' అని. దాహమైనా పో, గుడ్డ తడిసినా పో. గొంతునిబట్టి పోల్చుకుంటున్నాను. పక్కింటి మౌలాబీ వచ్చి, "ఏం ఎలీసమ్మా, కోడల్ని పొమ్మంటున్నావా? ఇది పోతే నీ గతేంటి?" అని మేలమాడింది. అత్తమ్మ ఆమెని కూడా "పో" అంది. ముగ్గురం నవ్వుకున్నాం.

అసలు సంగతి రాయలేక ఇవన్నీ రాస్తున్నాను. మీరు లీవుకొచ్చి వెళ్లాక నాకు నెల తప్పింది. ఇప్పుడు ఐదో నెల. చెబితే, 'మా అమ్మని ఎవరు చూస్తారు' అని మీరంటారేమోనని భయపడ్డాను. అత్తమ్మని ఎత్తి పక్కకి తిప్పినప్పుడల్లా పొత్తికడుపు పట్టేస్తోంది. బరువులెత్తితే బిడ్డ నిలవదని నర్సమ్మ కోప్పడింది. తొలికాన్పుకి ఇప్పుడే కొత్తపట్నం వచ్చెయ్యమని మా అమ్మ కబురంపింది. అత్తమ్మని చూడమని కనిగిరిలో ఉన్న మీ అక్కని అడిగితే, "కోడలివి నువ్వుండగా నేనెందుకే?" అంది వదిన.

నిన్న అత్తమ్మనే అడిగాను, "పుట్టింటికి వెళ్లనా అత్తమ్మా?" అని.

"పో" అంది.

దాహమేమోనని నీళ్లు పట్టాను. మూతి తిప్పుకుంది. గుడ్డ చూశాను, పొడిగానే ఉంది. బాగున్న చేత్తో నా పొట్ట తడిమి, మళ్లీ "పో" అంది. ఆ చెయ్యి మాత్రం చాలాసేపు తియ్యలేదు.

నేను వెళ్తానండి. మీరు రండి. మీ అమ్మకి అన్నం పెట్టడం, గుడ్డ మార్చడం దగ్గరుండి నేర్పి వెళ్తాను. మగాడు చేసే పనా అనకండి. మిమ్మల్ని కన్న తల్లే కదా.

చదివి ఈ ఉత్తరం కాల్చెయ్యండి, మీ తోటివాళ్ల కంట పడితే నాకు సిగ్గు. అందలేదని మాత్రం అనకండి.

ఇట్లు,
మీ భార్య,
రెబ్కా