మంగమ్మ వాళ్ళని నేను వదిలేసిన రోజు

మే 6
ఏకపాత్ర పాఠం సగం నోటికి వచ్చింది. కరీబియన్ సముద్రంలో ఓ దీవి. చెరకు తోటల ఆసామి. నూట యాభై ఏళ్ళ కిందట ఒక పొద్దున పనిగంట కొట్టించి, తన బానిసలందర్నీ పిలిచి, మీకు విడుదల అన్నాడు. పరాయి పాలన మీద యుద్ధానికి నా వెంట వస్తారా అని ఆ తర్వాతే అడిగాడు. యుద్ధం చేశాడు, అధ్యక్షుడయ్యాడు, చివరికి సొంతవాళ్ళే దించేశారు. అంత జీవితానికి హనుమాన్ జంక్షన్ పోటీల్లో పన్నెండు నిమిషాలట! సోషల్ మాస్టారినై ఉండి నాకు మన రాజులెవరూ దొరకలేదా అని మా ఆవిడ శారద నవ్వుతోంది. అందరూ వేసే వేషమే నేనూ వెయ్యాలా?

మే 8
ఇంట్లో అరిస్తే పక్కింటివాళ్ళు కంగారుపడి వస్తున్నారు. అందుకని మా మామిడితోట షెడ్డులో సాధన. గొంతు ఖంగుమంది. కాయ కోస్తున్న కూలీల మేస్త్రి మంగమ్మ, ఆమె మనుషులు గెడలు ఆపి విన్నారు. వాళ్ళకేసే చెయ్యి చాపి అన్నాను — "ఈ రోజు నుంచి మీరు నా మనుషులు కారు. ఎవరికెక్కడ ఇష్టమైతే అక్కడికి వెళ్ళండి." చప్పట్లు కొట్టారు. ఒళ్ళు పొంగిపోయింది.

మే 9
కోతకి ఎవరూ రాలేదు.

మే 10
ఇవాళా లేరు. మంగమ్మ ఫోన్ ఎత్తదు. బాపులపాడు వైపు ఎవరి తోటలోనో కోస్తున్నారట. మా కాయ దిగాకే వాళ్ళు ఇంకో తోటలో అడుగుపెట్టాలి, బయట కూలి ఎక్కువిచ్చినా సరే. తోట చివర నాన్న వాళ్ళకి ఇళ్ళు వేసుకోవడానికి చోటిచ్చినప్పటి నుంచీ అదే కట్టు. కాగితం లేదు, మాట మీదే. వాళ్ళు తప్పుతారని కల్లో కూడా అనుకోలేదు.
చిన్న రసాలు రంగు తిరిగాయి. గాలివాన వస్తుందని ఫోన్ చెబుతోంది... నాటకానికీ నిజానికీ తేడా తెలియదా వీళ్ళకి అన్నాను. శారద వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు మండింది.

మే 11
స్థిమితం లేదు. ఆ చెరకు తోటల ఆసామి గురించి మళ్ళీ చదివాను. గంట కొట్టి వదిలేశాక ఎంతమంది వెంట నడిచారు, ఎంతమంది తమ దారిన పోయారు — సరిగ్గా తెలియడం లేదు. పోయినవాళ్ళని తిట్టుకున్నాడా? కొడుకుని చంపుతామని బెదిరించినా లొంగని మనిషి. నేను మూడు రోజులు కోత ఆగినందుకే ఊరంతా వినేలా తిట్టాను.

మే 12
సాయంత్రం ఈదురుగాలి. చెట్ల కింద ఎటు చూసినా రాలిన కాయే. ఇక ఆగలేక నేనే మంగమ్మ ఇంటికి వెళ్ళాను. కుర్చీ వేసింది. అది వేషమనీ, పాఠమనీ, నిజం కాదనీ ఏదేదో చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది.
"నాటకమని తెలుసండి మాస్టారూ. ఆమాత్రం తెలీదా ఏంటి? మాట బాగుంది. దాని మీద నిలబడతారేమో చూద్దామని వెళ్ళాం."
రేపైనా వస్తారా అన్నాను. చేట పక్కన పెట్టింది.
"రాకపోతే ఈ చోటు ఖాళీ చెయ్యమంటారా?"
ఛ ఛ అనాలి. వెంటనే అనాలి... అనలేదు. నా మొహంలోకి కాసేపు చూసి, చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. సిగ్గేసింది. అలాగే లేచి వచ్చేశాను.

మే 13
తెల్లారింది. పడమట మబ్బు. తోటలో మనిషి అలికిడి లేదు. చోటు వాళ్ళదే, వచ్చినా రాకపోయినా — ఇంతే చెప్పాలి. కోతకి వచ్చాక చెబుదామనుకుంటున్నానని శారదతో అన్నాను.
"వచ్చాక చెబితే అది బేరమండీ."
ముందే చెబితే? రాకపోతే? ఈ ఏడు కాయంతా నేలపాలే...
ఫోన్ చేతిలోనే ఉంది. మంగమ్మ నంబరు తీశాను. గాలి మొదలైంది. ఇంకా నొక్కలేదు.