వేపాకు ప్రశ్న

ఆదివారం, రాత్రి

స్కూలు పిల్లల కోసం తయారుచేస్తున్న సైన్సు ఆటను ఇవాళ నా ఫోన్లో వదినకు ఆడమని ఇచ్చాను. లాల్‌దర్వాజా అమ్మవారికి ఏటా బోనం ఎత్తే మనిషి, అందులోని బోనాల ప్రశ్నల్లో తప్పులుంటే చెబుతుందని. 'బోనం కుండకు వేపాకు ఎందుకు కడతారు?' అన్న ప్రశ్నకు ఆమె 'అమ్మవారికి ఇష్టమని' నొక్కింది. తెర ఎర్రబడింది. 'తప్పు. వేపాకు క్రిములను చంపుతుంది కాబట్టి.'

"తప్పెట్లయితది? కట్టేది నేను గదా," అంది వదిన.

క్రిముల సంగతి సైన్సే. కానీ నేనడిగింది వేపాకు ఏం చేస్తుందని కాదు, ఎందుకు కడతారని. అది ఆమెకు తెలుసా, నాకు తెలుసా? ఆమె జవాబే ఒప్పంటే ఇక అది సైన్సు ఆట ఎట్లా అవుతుంది...

ఎరుపు తీసేశాను. ఆమె జవాబుకు ఒప్పని పచ్చరంగు పెట్టడానికి చేతులు రాలేదు. ఇప్పుడు ఆ ప్రశ్నకు ఏది నొక్కినా ఆట ఏమీ అనడం లేదు.