చీలమండ ఎత్తు గడ్డి

పైసందూ,
10 నవంబరు 1996.

చిరంజీవి తమ్ముడు విల్మార్‌కి అక్క నెలిదా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ బావా, మన క్లబ్బు ఫుట్‌బాల్ మైదానమూ ముగ్గురమూ కులాసాగా ఉన్నాం. మాంటెవీడియోలో నువ్వూ, మరదలూ, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. మీ బావకి నడుము నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. పిల్లలు గీసి పంపిన బొమ్మ వంటింటి గోడకి అతికించాను. నా చేతుల సంగతీ అడిగావు. దానికి తర్వాత వస్తాను, ముందు ఊరి మాట విను.

మీ జట్టు వచ్చి మనవాళ్ళను రెండు ఒకటితో కప్పు పోటీలోంచి గెంటేసి రెండు వారాలైంది గదా, ఇంకా మాంసం కొట్టు దగ్గర అదే చర్చ. కొట్టు యజమాని గొదోయ్ నీ ఫోటో గోడకి తగిలించాడు. ఓడించినవాడి ఫోటో ఎందుకయ్యా అని ఎవరో అడిగితే, "ఓడించింది పరాయివాడా ఏం? మన నెలిదా తమ్ముడు! పరాయివాడి చేతిలో ఓడితే ఏడవాలి గాని" అన్నాడట. ఆ పూట నాకు పక్కటెముకల మాంసం మొగ్గుగా తూచాడు.

నాకు మాత్రం గర్వంగా ఉండదట్రా? పదిహేడేళ్ళప్పుడు బూట్లు మెడలో వేసుకుని రాజధాని బస్సెక్కావు. చిలీలో నాలుగేళ్ళు ఆడావు. కొలంబియాలో మోకాలు విరిగినప్పుడు ఈ ఊరే "విల్మార్ పని అయిపోయింది" అంది. నువ్వు కుంటుకుంటూనే మాంటెవీడియో రేవు పేటలో పదేళ్ళ పిల్లలకి బంతి తన్నడం నేర్పావు. ఒక రోజా రెండు రోజులా, ఆరేళ్ళు! ఇవాళ పెద్ద జట్టుకి కోచ్‌వి. నాన్న ఉంటే, మైదానంలో గీతలు గీసే సున్నం బకెట్టు పట్టుకునే వీధి వీధి తిరిగి చెప్పుకునేవాడు.

ఇక నా చేతులు. "మైదానంలో గడ్డి చీలమండ దాకా ఉందక్కా. నీ చేతుల్లో ఓపిక తగ్గిందని అప్పుడే అర్థమైంది. గెలిచినా సంతోషం లేదు. ఆ కోత యంత్రం ఇంకెవరికన్నా అప్పగించి, బావతో మా దగ్గరికి వచ్చెయ్" అని రాశావు. రాసి ఊరుకున్నావా? క్లబ్బు ప్రెసిడెంటు ఆపరీసియోకి ఫోను కూడా చేశావు. మొన్న నేను మాతే టీ తాగుతూ గుమ్మంలో కూర్చుంటే, ఆయన టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు.

"నీ తమ్ముడు నీ బదులు ఇంకొకర్ని పెట్టమంటున్నాడు నెలిదా. అసలు సంగతి చెప్పెయ్యనా?"

"నోరు మెదిపావంటే చూడు! నేనే రాసుకుంటాను."

"రాస్తావు, రాస్తావు. మంగళవారం నుంచీ రాస్తూనే ఉన్నావు" అన్నాడు ముసలాయన, నా చేతిలో మాతే లాక్కుని.

సరే, రాస్తున్నాను. నాకు ఓపిక తగ్గలేదురా. ఆ గడ్డి నేను కావాలనే పెంచాను. మీవాళ్ళు బంతిని నేలమీదే చకచకా పోనిస్తారని తెలిసి, పద్దెనిమిది రోజులు యంత్రం బయటికి తీయలేదు. ఆట రోజు పొద్దున్న రెండు గంటలు నీళ్ళు కూడా పట్టాను. ఎవరూ చెప్పలేదు. "తమ్ముడితో పోటీ గదా, నీ ఇష్టం" అని మాత్రం ఆపరీసియో అన్నాడు. తమ్ముడివని నున్నగా కోసి పెడితే మన క్లబ్బుకి ద్రోహం, నీకేమో ముష్టి వేసినట్టు. అయినా నీ ఉత్తరం చదివాక సిగ్గుతో చచ్చిపోయాను. నేను నిన్ను ఓడించాలని చూస్తే, నువ్వు నా మీద బెంగ పెట్టుకుని కూర్చున్నావు.

అయినా మరిచిపోయావా? నీకు పదహారేళ్ళప్పుడు రాజధాని కుర్రాళ్ళు ఆడటానికి వస్తున్నారని, "అక్కా, అక్కా, ఈ వారం గడ్డి కొయ్యకే" అని నా కాళ్ళు పట్టుకున్నది నువ్వే!

ఆట మొదలవక ముందు నువ్వు ఒక్కడివే మైదానంలోకి వచ్చి బంతి దొర్లించావు. నాలుగడుగుల్లో ఆగిపోయింది. ఒక పోచ పీకి నములుతూ సామాన్ల కొట్టం వైపు చూశావు. నేను ఆ కొట్టంలోనే రోలరు వెనక నక్కాను. తర్వాత మీ పొట్టి చిచ్చరపిడుగుని కూర్చోబెట్టి, తాటిచెట్టంత వాణ్ణి దింపావు. బంతి నేలకి దిగితేనా నా గడ్డి ఆపడానికి! రెండు గోల్సూ వాడు తలతో కొట్టినవే. నాన్న తర్వాత నేను ఈ మైదానం చూసుకుంటున్న ముప్ఫై ఏళ్ళలో ఇంత తొందరగా విరుగుడు కనిపెట్టినవాడు లేడు. రెండో గోలుకి మన వైపున చప్పట్లు కొట్టింది నేనొక్కదాన్నే. మీ బావ చెయ్యి పట్టి లాగాడు, "కూర్చోవే తల్లీ, జనం తంతారు!" అని.

గడ్డి గుట్టు పట్టేశావు గాని, అక్క గుట్టు పట్టలేకపోయావు.

ఆట మర్నాడే మైదానమంతా ఒక్కదాన్నే, ఒక్క పూటలో కోశాను. ఈ కవరులో ఐదు పోచలున్నాయి. ఇవాళ పొద్దున్న మళ్ళీ కోత అయ్యాక, నాలుగు మూలల్లో నాలుగు, నడిమధ్య ఒకటి, మొదలుకంటా కత్తిరించి తెచ్చాను. బల్లమీద పక్కపక్కన పెట్టి కొలిచి చూడు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి పొడుగున్నా యంత్రం అప్పగించి నీ దగ్గరికి వచ్చేస్తాను. లేదంటే నువ్వే ఆపరీసియోకి మళ్ళీ ఫోను చేసి, నా బదులు ఇంకొకర్ని పెట్టమన్న మాట వెనక్కి తీసుకో.

ఇట్లు,
నీ మీద పోటీకి దిగి ఓడిన
మీ అక్క,
నెలిదా.